బ్లాగులో యాడ్స్: రాజపాళయం లెక్క

షిఫ్టు దిగి ఇంటికొచ్చి, భోంచేసి, ఫోను ముందేసుకుని బ్లాగులో నాలుగు మాటలు రాసుకునే అలవాటు మీకుంటే, ఎవరో ఒకరు అనే ఉంటారు: "ఊరికే రాయడమెందుకు, యాడ్స్ పెట్టుకో, డబ్బులొస్తాయి" అని. వస్తాయి. ఎన్ని, ఎప్పుడు అన్నదగ్గరే పేచీ.

ఎక్కువమంది మొదట తొక్కే గడప గూగుల్ యాడ్‌సెన్స్. 2003 నుంచీ ఉంది. మీ పేజీలో కాస్త జాగా ఇస్తే ప్రకటనలను వాళ్లే తెచ్చి పెడతారు, వచ్చినదాంట్లో పెద్ద వాటా మీకిస్తారు. అయితే ఖాతాలో 100 డాలర్లు నిండేదాకా పైసా చేతికి రాదు. ఒక లెక్క వేసి చూద్దాం. వెయ్యి పేజీ వ్యూలకు 40 రూపాయలు వస్తున్నాయనుకోండి. రోజుకు 300 మంది తలా ఒక పేజీ చూస్తే నెలకు 9,000 వ్యూలు, అంటే 360 రూపాయలు. 100 డాలర్లంటే సుమారు 8,500 అనుకుంటే మొదటి జీతం అందేసరికి దాదాపు రెండేళ్లు. రోజూ 300 మందిని రప్పించడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది యాడ్ ఎక్కడ పెట్టాలన్నది కాదు, దేని గురించి రాయాలన్నది. ప్రకటన ఇచ్చేవాడికి మీ శైలితో పనిలేదు, మీ పేజీకి వచ్చినవాడు ఏదైనా కొంటాడా అన్నదే కావాలి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ మనసులో తిరిగినవన్నీ రాసే బ్లాగుకు మిగిలిపోయిన చిల్లర ప్రకటనలే దక్కుతాయి. తమిళనాడులోని రాజపాళయం వాళ్లకు ఈ విషయంలో ఊరే పెట్టుబడి. ఊరి పేరుతోనే ఒక కుక్కల జాతి ఉంది. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కున్న ఆ కుక్క బొమ్మతో 2005లో తపాలా శాఖ స్టాంపు కూడా వేసింది. ఎక్కడో బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి ఆ జాతి పిల్లను పెంచాలనుకునేవాడికి సవాలక్ష సందేహాలు. ఏం పెట్టాలి? ఫ్లాటులో ఉంటుందా? పిల్లకు చెవులు వినపడతాయో లేదో ఎలా చూసుకోవాలి? (ఈ జాతిలో కొన్ని చెవుడుతో పుడతాయి.) ఇంట్లో ఆ కుక్కను పెంచినవాళ్లు రాస్తే ఆ పేజీకి కుక్కల తిండి అమ్మేవాడు డబ్బు పెడతాడు. పక్కనే ఉన్న సత్రపట్టి బ్యాండేజీ గుడ్డ నేతకు పేరుపడ్డ ఊరు. ఆ మగ్గాల మీద పనిచేసినవాళ్లు గుడ్డ రకాల గురించి, నాణ్యత ఎలా చూడాలో రాస్తే చదివేవాళ్లు తక్కువే, కానీ వాళ్లు కొనుగోలుదార్లు.

ఏ భాషలో? రాజపాళయంలో రాజు కులస్థుల ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివింది తమిళం. అందుకని తెలుగు మాటలను తమిళ లిపిలో రాయాలనిపిస్తుంది. చుట్టాలకు ముచ్చటగానే ఉంటుంది గానీ, అది తమిళమో తెలుగో పోల్చుకోలేక గూగుల్ యంత్రం తికమకపడుతుంది. యాడ్‌సెన్స్ 2018లో తమిళాన్నీ తెలుగునూ కూడా తీసుకుంది కాబట్టి ఏదో ఒక భాషను దాని లిపిలోనే రాయడం మేలు. కుక్క గురించైతే నేను ఇంగ్లీషులోనే రాయమంటాను, బాధగా ఉన్నా సరే. అడిగేవాళ్లు అన్ని రాష్ట్రాలలోనూ ఉన్నారు మరి.

ఇక జాగ్రత్తలు. మీ యాడ్స్‌ను మీరు నొక్కకూడదు. "తలా ఒకసారి నొక్కండి" అని బావకీ మరదలికీ చెప్పనూ కూడదు. పట్టుబడితే ఖాతా మూసేస్తారు, కూడిన డబ్బూ పోతుంది. 10 డాలర్లు చేరాక ఇంటి అడ్రసుకు పోస్టులో ఒక పిన్ నంబరు వస్తుంది, దాన్ని ఖాతాలో ఎక్కించాలి. పేరు దగ్గర మరీ జాగ్రత్త. మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన మన ఊరి పి. ఎస్. కుమారస్వామి రాజా పేరులో పి. ఎస్. అంటే పూసపాటి సంజీవి. ఇలాంటి పేర్లు పాన్ కార్డులో ఒకలా, బ్యాంకు పాసుపుస్తకంలో మరోలా పడుతుంటాయి. యాడ్‌సెన్స్ ఖాతా తెరిచేటప్పుడే బ్యాంకులో ఉన్నట్టు రాయండి. డబ్బు విదేశీ బదిలీగా వస్తుంది కనుక స్విఫ్ట్ కోడ్ కావాలి. చిన్న బ్రాంచికి సొంత కోడ్ లేకపోతే ఏది వాడాలో మేనేజరునే అడగండి.

నన్నడిగితే అసలు ఆదాయం బజారులోనే ఉంది. నెలకు 500 ఇచ్చే దుకాణం ఒక్కటి దొరికితే పైన వేసిన లెక్కను దాటేసినట్టే. పశువుల మందుల షాపు, బ్యాండేజీ గుడ్డ హోల్‌సేల్ వ్యాపారి, సీజన్‌లో మన ఊరి సప్పట్టై రకం మామిడి పార్సిల్ చేసేవాళ్లు: వీళ్లను వెళ్లి అడగాలి. నెలకు ఎంతమంది చదువుతున్నారో ఫోనులో చూపించండి, పెంచి చెప్పొద్దు. కుక్కపిల్లలు అమ్మేవాళ్లైతే 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూశాకే ఒప్పుకోండి. డబ్బు పుచ్చుకుని రాసిన వ్యాసం మీద "ఇది ప్రకటన" అని తెలిసేలా పెట్టాలి. దాచిపెట్టి పొగిడితే వినియోగదారుల చట్టం కింద జరిమానా లక్షల్లో ఉండొచ్చు.

ప్రభుత్వోద్యోగులు ముందు సర్వీసు రూల్సు చూసుకోవాలి. ప్రైవేటులోనూ నియామక పత్రంలో పక్క సంపాదన వద్దన్న షరతు ఉంటుంది కొన్నిచోట్ల. వచ్చింది ఎంత చిన్న మొత్తమైనా ఆదాయపు పన్ను రిటర్నులో చూపాలి. జీతగాళ్లు వేసే మామూలు ఫారం సరిపోతుందో లేదో ఆడిటరును అడగండి. దుకాణం వాళ్లతో ఎన్ని నెలలు, ఏ పేజీలో, ఎంతకు అన్నది కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి, తెలిసినవాళ్లైనా సరే. మామిడి వాళ్లతో మాట ఫిబ్రవరిలోనే కదపాలి. కాయ దిగాక వాళ్లకు మీతో మాట్లాడే తీరిక ఉండదు.