పేలుడును అణచే వాయువులు, చూర్ణాలు

మండే వాయువు, ప్రాణవాయువు, నిప్పురవ్వ మూసిన చోట కలిసినపుడు పేలుడు సంభవిస్తుంది. బొగ్గుగనులలో వెలువడే మీథేన్ గాలిలో సుమారు 5 నుండి 15 శాతం ఉన్నపుడు పేలగలదు. 1965లో అప్పటి బీహారులోని ధోరీ గనిలో జరిగిన పేలుడు 268 మందిని బలిగొన్నది.

నివారణకు రెండు మార్గాలను మనం గుర్తింపవచ్చును. మొదటిది జడవాయువు. గాలిలో ప్రాణవాయువు 21 శాతం. యంత్రాగారపు తొట్టెలోనికి నత్రజనిని పంపి దానిని 12 శాతానికి దిగువకు తెచ్చినచో మీథేన్ మండదు. రెండవది చూర్ణం. నిప్పంటుకొనగానే పెరిగే పీడనాన్ని పసిగట్టిన పరికరం, మిల్లీసెకనులలో వంటసోడా వంటి పొడిని వెదజల్లుతుంది. అది వేడిని పీల్చి, మంటను సాగించే రసాయనిక చర్యల గొలుసును తెంచుతుంది. గనులలో చల్లే సున్నపురాతి పొడి కూడ వేడిని పీల్చి, బొగ్గుధూళికి మంట వ్యాపించకుండ అడ్డుపడుతుంది.

అయితే మంటను ఆర్పు నత్రజని మనిషి ఊపిరినీ ఆర్పును. దానికి రంగు లేదు, వాసన లేదు. పడినవానిని రక్షింపబోయి వెంట దిగినవారును ప్రాణాలు కోల్పోవుట కద్దు. కావున ప్రాణవాయువును కొలువనిదే, శ్వాసపరికరము లేనిదే అట్టి తొట్టెలో దిగరాదు. రేపు కర్మాగారాలలో చేరబోవు మన విద్యార్థులు మొదట నేర్వవలసిన పాఠమిదియే.