'హావ్' అను క్రియ – మన రెండు భాషలు

ఆంగ్లం నేర్చే బాలుడు మొట్టమొదట చదివే వాక్యాలలో 'ఐ హావ్ ఎ బుక్' ఒకటి. చూచుటకు మిక్కిలి సులభమైన ఈ వాక్యమే డిగ్రీ తరగతుల వరకు మన విద్యార్థులను వెన్నాడుతూ ఉంటుంది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో కుటుంబాన్ని గురించి అడిగినప్పుడు 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అన్న జవాబు వినబడగానే ఎదుట కూర్చున్నవారి పెదవులపై చిరునవ్వు కదులుతుంది. విషయం బాగా తెలిసిన అభ్యర్థి కూడ దానితో తడబడి, తరువాతి ప్రశ్నలకు నోరు విప్పలేకపోవటం కద్దు. కనుక ఈ తప్పును అజ్ఞానమని కొట్టివేయక, అది ఎక్కడినుండి వచ్చినదో విచారించటం అవసరం.

నిత్యవ్యవహారంలో 'హావ్'కు సరిసమానమైన క్రియ తెలుగులోనూ లేదు, ఉర్దూలోనూ లేదు. ఆంగ్లేయుడు తనను కర్తగా నిలిపి వస్తువును కర్మగా చేస్తాడు. మనమో, వస్తువునే కర్తగా చేసి అది 'ఉన్నది' అంటాము. 'నా దగ్గర పుస్తకం ఉంది', 'నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు', 'నాకు జ్వరంగా ఉంది'. ఉర్దూలో 'మేరే పాస్ కితాబ్ హై', 'మేరే దో భాయీ హైఁ', 'ముఝే బుఖార్ హై'. పుస్తకానికి ఒక తీరు, బంధువుకు వేరొక తీరు! 'తమ్ముడు నా దగ్గర ఉన్నాడు' అంటే, మా ఇంట ఉండి చదువుకొనుచున్నాడని అర్థం. ఇట్టి సున్నితమైన భేదాలన్నిటిని ఆంగ్లం ఒక్క 'హావ్'తో చుట్టబెడుతుంది. శిష్ట ఉర్దూలో 'మేరే' అనవలసిన చోట హైదరాబాదు దక్కనీలో 'మేరేకు దో భాయాఁ హైఁ' అనటం మనకు తెలిసినదే. ఆ 'కు' వ్యుత్పత్తి వేరైనా, వాడుక మాత్రం అచ్చముగా మన 'నాకు' వంటిదే. ఇరుగుపొరుగు భాషలు శతాబ్దాల తరబడి ఒకే బజారులో మసలితే ఇట్లే జరుగుతుంది.

ఇక 'హావింగ్' మాట. స్వాధీనం, బంధుత్వం, రోగం తెలిపేటప్పుడు 'హావ్' స్థితిని చెప్పుతుంది, పనిని కాదు. కనుక 'ఇంగ్' చేరదు. తాగుట, తినుట, జరుపుట అను అర్థాలలో అది పనియే. అప్పుడు 'షి ఈజ్ హావింగ్ టీ', 'దే ఆర్ హావింగ్ ఎ మీటింగ్' నిర్దుష్ట వాక్యాలు. విద్యార్థి తన వాక్యాన్ని తెలుగులో తలచుకొని, అక్కడ 'ఉంది', 'ఉన్నారు' వస్తే 'హావ్' అని, 'తాగుతోంది', 'జరుపుతున్నారు' వంటి క్రియ వస్తే 'హావింగ్' అని వాడితే చాలావరకు పొరపడడు. ఉర్దూవారికి 'హై', 'పీ రహీ హై' అను భేదం ఇదే పని చేస్తుంది.

'ఐ హావ్ టు గో' అను వాక్యం మరింత చిత్రమైనది. 'ముఝే జానా హై', 'నేను వెళ్ళవలసి ఉంది' – ఇక్కడ కూడ 'హై', 'ఉంది' ప్రత్యక్షమవుతున్నాయి. బ్రిటిషువారి 'హావ్ యూ గాట్', అమెరికావారి 'డూ యూ హావ్' అను భేదానికి మాత్రం మన విద్యార్థి కంగారుపడ నక్కరలేదు; రెండూ చెల్లుతాయి.

ఆంగ్లపు తరగతిలో మాతృభాష వినబడరాదను నియమం కొన్నిచోట్ల ఉన్నది. నా దృష్టిలో అది మేలుకన్న కీడే చేస్తున్నది. పైన చెప్పిన మూడు వాక్యాలను నల్లబల్లపై మూడు భాషలలో పక్కపక్కన వ్రాసి చూపితే ఒక్క గంటలో తేలే విషయం, నిషేధంవల్ల మూడేండ్లకు కూడ తేలదు. మన తరగతి గదిలో రెండు భాషల పిల్లలు ఒకే బెంచీపై కూర్చుంటారు గనుక ఈ పని మనకు మరింత సులభం.

ఈ రాకపోకలు ఒకవైపే సాగటం లేదు. పత్రికలలో 'ఈ భవనం నాలుగు అంతస్తులను కలిగి ఉంది' వంటి వాక్యాలు తరచు కనబడుతున్నాయి. ఇది ఆంగ్లపు 'హావ్'కు తెలుగు దుస్తులు తొడగటమే. 'కలిగి'ని 'హావింగ్' అనీ, 'ఉన్నాను'ను 'యామ్' అనీ మాటకు మాట పెట్టి చూస్తే, ఇంటర్వ్యూలో వినబడిన ఆ 'యామ్ హావింగ్' తిరిగి మన ఎదుట నిలుస్తుంది. ఇంట్లో మాత్రం అందరమూ 'ఈ భవనానికి నాలుగు అంతస్తులున్నాయి' అనే అంటున్నాము.