రహస్య సంఘమును వీడి వచ్చితిమని చెప్పువారు

హైదరాబాదునందలి గోషామహల్ బారాదరియను పాత కట్టడములో ఫ్రీమేసనులను సంఘమువారు బహుకాలముగా సమావేశమగుచున్నారు. తలుపులు మూసికొని సభ జరుపుకొనుట వారి ఆచారము. మూసిన తలుపు వెనుక నేమి జరుగునోయని ఊహించుట లోకస్వభావము. అట్టి యూహలలో నున్నవారి యెదుట "నేనును లోపల నుంటిని, తప్పించుకొని వచ్చితిని" అని యొకడు నిలిచెనా, వినువారు గుమిగూడుదురు. మా విద్యార్థులు కొందఱు చేతిఫోనులలో నిట్టివారి ప్రసంగములను విని, ఇల్యూమినాటియను సంఘము లోకమంతయు నేలుచున్నదట, నిజమేనాయని మమ్మడిగియున్నారు.

ఆ సంఘము పూర్వమొకప్పు డుండినమాట నిజమే. 1776వ సంవత్సరము మే 1వ తేదీన బవేరియా దేశమందలి ఇంగోల్‌ష్టాట్ పట్టణమున ఆడమ్ వైస్‌హౌప్టు అను న్యాయశాస్త్రోపాధ్యాయుడు దానిని స్థాపించెను. 1784, 1785 సంవత్సరములలో ఆ దేశప్రభువు నిషేధింపగా నది చెదరిపోయెను. దాని కాగితములు ప్రభుత్వమువారికి చిక్కి యచ్చుపడినవి. కోరినవారు చదివి చూచుకొనవచ్చును.

చూచుకొనుటకు కాగితమేదియు లేక యొక్కని నోటిమాటయే యాధారమైనచో నేమగునో లియో టాక్సిల్ కథ తెలుపును. ఈతడు 1854లో ఫ్రాన్సునందలి మార్సేయిలో జన్మించెను. క్రైస్తవ గురువులను వెక్కిరించు పుస్తకములు వ్రాసి బ్రదికినవాడు. 1881లో మేసనులలో చేరి మొదటి మెట్టుననే వెలివేయబడెను. 1885లో హఠాత్తుగా తనకు మారుమనస్సు కలిగినదని ప్రకటించి, మేసనుల గుట్టంతయు నెఱిగినవానివలె గ్రంథములు వెలువరింపసాగెను. మేసనుల పైమెట్టున సాతానును పూజించు శాఖ గలదనియు, అమెరికాలోని చార్లెస్టన్ దానికి ముఖ్యస్థానమనియు, డయానా వాన్ అను స్త్రీ దానిని విడిచి క్రీస్తు నాశ్రయించెననియు వ్రాసెను. 1887లో 13వ లియో పోపుగా రితనికి దర్శనమిచ్చిరి.

ఇతడును, ఓడవైద్యుడగు మిత్రుడును గలిసి "డాక్టరు బతాయి" యను మాఱుపేర 1892 మొదలు విడిభాగములుగా ప్రకటించిన పెద్ద పుస్తకమున మన దేశమునకును పాలు దక్కినది. అందొకచోట మొసలి యొకటి పియానో వాయించునట! మఱియొకచోట, కలకత్తా చెంత దప్పాయనుచోట రాతికొండయు, దానియందు సాతాను గుళ్లును గలవట. ఏకశిలానగరపు బాలురకు రాతికొండ యననేమో చెప్పనక్కఱలేదు. కలకత్తాయన్ననో గంగ తెచ్చిన యొండ్రునేలపై వెలసిన పట్టణము. అచట కొండయే లేదు. ధాపాయను పేర నచటనున్నది ఊరిచెత్త పోయు పల్లము. భూగోళ పుస్తకము చేతనున్న పిల్లవాడు పట్టగల యబద్ధమిది. 1896లో ఏ. ఈ. వెయిట్ అను ఆంగ్ల రచయిత ఈ కల్పనలను ఖండించి యొక గ్రంథమునే వ్రాసెను. చార్లెస్టన్ బిషప్పుగారును తమ యూరి మేసనులను గూర్చిన కథ నిజము కాదనిరి. అయినను నమ్మువారు మానలేదు. మనకు గిట్టనివారిపై చెప్పిన చెడుగును పరీక్షింప బుద్ధి పుట్టదు. పశ్చాత్తప్తుని శంకించుట పాపమనియు తోచును.

1897 ఏప్రిల్ 19వ తేదీన డయానాను చూపింతునని పారిసునందలి భూగోళ సంఘపు మందిరమునకు టాక్సిల్ జనులను పిలిచెను. వచ్చినవారికి కనబడినది టాక్సిల్ మాత్రమే. పండ్రెండేండ్లుగా తాను చెప్పినదంతయు పరిహాసార్థమనియు, డయానా యనునది టైపుయంత్రముపై పనిచేయు నొక స్త్రీ పేరనియు చెప్పి పోయెను. అప్పటికిని కొందఱు, డయానా యున్నమాట నిజమే, టాక్సిలే యిప్పు డబద్ధమాడుచున్నాడనిరి!

ఇది పాతకాలపు ముచ్చటయని కొట్టివేయరాదు. అమెరికాలో మైక్ వార్న్కే అను బోధకుడు, తాను పూర్వము 1,500 మంది శిష్యులుగల సాతాను పూజారినని 1972లో పుస్తకము వ్రాసి, ఇరువదియేండ్లు దేవాలయములలో మన్ననలందెను. 1992లో కార్నర్‌స్టోనను క్రైస్తవ పత్రికవారే అతనితో చదివినవారిని వెదకి పలుకరించిరి, నాటి ఛాయాచిత్రములను చూచిరి, తేదీలను వరుసగా వ్రాసి కూడిరి. లెక్క కుదరలేదు. బయటివారు కాక విశ్వాసులే యీ పనికి పూనుకొనుట మెచ్చదగినది. అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ మన పక్షమువానికిని వర్తించును గదా.

వినోదమునకు విన్నచో నష్టమేమని పెద్దలు కొందఱందురు. మన తెలంగాణ పల్లెలలో బాణామతి చేసెనను మాట పుట్టి, ఎవరును కన్నులార చూడకయే, పొరుగువానిని కొట్టి చంపిన యుదంతములను వినియే యుందురు. చీకటిలో నెవడో కీడు తలపెట్టుచున్నాడను తలంపు ఏదో యొక యింటి తలుపు తట్టక పోదు.

మమ్మడిగిన విద్యార్థులు తాము విన్న ప్రసంగమునందలి యూరిపేరు, సంవత్సరము, మనుష్యుల పేర్లు ఒక కాగితముపై వ్రాసి తేవలెను. అట్లసును, విజ్ఞానసర్వస్వమును ముందుంచుకొని కలిసి వెదకుదము.