హాజరుపట్టీలో ఖాళీ గడి

పనికోసం నగరానికి వచ్చిన తెలుగు కుటుంబపు బిడ్డ రెండు రోజులు బడికి రాకపోతే, “ఊరికి వెళ్ళి ఉంటారు” అనుకోవడం పరిపాటి. సంక్రాంతికో జాతరకో ఈ ఊహ చాలాసార్లు నిజమే అవుతుంది. అందుచేతనే అది ప్రమాదకరం. బిడ్డ నిజంగా తప్పిపోయిన నాడు కూడా అదే మాట అడ్డుపడి, వెదకవలసిన తొలి గంటలు వృథా అవుతాయి.

కనుక పాఠశాల సిబ్బంది ఊహించరాదు; విచారించి తెలుసుకోవాలి. ఉదయం హాజరు ముగియగానే, సమాచారం లేకుండా రాని బిడ్డ ఇంటికి ఫోను చేయాలి. కూలిపనిలో ఉన్న తల్లిదండ్రులు ఫోను ఎత్తకపోవచ్చు. అందుకే దగ్గరి బంధువుదో, నమ్మకమైన పొరుగువారిదో రెండవ నంబరు కూడా చేర్పు సమయంలోనే వ్రాసుకోవాలి. భాష అడ్డు వచ్చినచోట తెలుగు తెలిసినవారిచేత మాట్లాడించాలి.

కొన్ని సూచనలు ముందే కనబడతాయి: తరచు బడి మానడం, అపరిచితులిచ్చిన ఫోను లేదా డబ్బు, పెళ్ళి లేదా పని ప్రస్తావన, ఇంటికి వెళ్ళడానికి భయం. బిడ్డ చెప్పేది శాంతంగా వినాలి. “ఎవరికీ చెప్పను” అని మాట ఇవ్వరాదు. భయానికి కారణం ఇంట్లోనే ఉన్నట్లయితే, ఇంటికి కబురు పంపడానికి ముందే ప్రధానోపాధ్యాయుని ద్వారా 1098కు తెలియజేయాలి.

బిడ్డ ఆచూకీ తెలియనప్పుడు 24 గంటలు ఆగాలన్న నియమమేదీ లేదు. తప్పిపోయిన బిడ్డపై ఫిర్యాదు అందగానే కేసు నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వెంటనే 112కు ఫోను చేయవచ్చు. ఏ పోలీసుస్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

కుటుంబం మరో పేటకు మారితే, బిడ్డ కొత్త బడిలో చేరినట్లు పాత బడి నిర్ధారించుకోవాలి. లేనిచో రెండు పట్టీలలోనూ ఆ బిడ్డ పేరు లేకుండా పోతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం, 6 నుండి 14 ఏండ్ల బిడ్డకు బదిలీపత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలు ప్రవేశం నిరాకరించరాదు.

తల్లిదండ్రుల వంతు కూడా ఉంది. ఊరికి వెళ్ళేముందు బడిలో చెప్పాలి. ఫోను నంబరు మారినా, పనిచోటు మారినా తెలియజేయాలి. బిడ్డ ఇటీవలి ఫొటో దగ్గర ఉంచుకోవాలి.

తిరిగివచ్చిన బిడ్డను తరగతిలో నిలబెట్టి ప్రశ్నించరాదు. అవమానపడిన బిడ్డ మరల వెళ్ళిపోవచ్చు. “వచ్చావు, మంచిదయింది” అన్న పలకరింపుతోనే ఆ బిడ్డ రక్షణ మరల మొదలవుతుంది.