ఇద్దరి నడకా కష్టమే, జబ్బులు మాత్రం వేరు

ప్రశ్న: మా మామగారికి 64 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, చుట్ట అలవాటు. వీధి చివరి గుడి దాకా వెళ్లేసరికి కుడి పిక్క పట్టేసి కుంటుతారు. కాసేపు నిలబడితే తగ్గుతుంది, మళ్లీ నడుస్తారు. మా అత్తగారికి 61. ఆవిడకు రెండు కాళ్లూ బరువెక్కి తిమ్మిర్లు వస్తాయి. నడుము వంచి మెల్లగా అడుగులు వేస్తారు. మోకాళ్ల అరుగుదల అనుకుని మందుల షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలే ఇద్దరికీ వాడుతున్నాం. ఇంకెన్నాళ్లు వాడాలి?
– ఒక సోదరి, తణుకు

జవాబు: ముందు ఆ మాత్రలు ఆపండి. షుగర్ ఉన్నవాళ్లు నొప్పి మాత్రలు రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. పైగా మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇద్దరి బాధకూ మోకాళ్లు కారణం కాకపోవచ్చు.

మామగారికి కాలి రక్తనాళాల్లో పూడిక ఉందని నా అనుమానం. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్నట్టే కాళ్లకు వెళ్లే నాళాల్లోనూ పేరుకుంటుంది. కూర్చున్నప్పుడు పిక్క కండరానికి కొద్దిపాటి రక్తం సరిపోతుంది. నడక మొదలుపెడితే అంతకు ఎన్నో రెట్లు కావాలి, అది అందక కండరం పట్టేస్తుంది. అందుకే ప్రతిసారీ దాదాపు ఒకే దూరం నడిచాక నొప్పి వస్తుంది, కూర్చోకపోయినా ఊరికే నిలబడితే చాలు, తగ్గిపోతుంది. మెట్లెక్కితే ఇంకా త్వరగా వస్తుంది.

అత్తగారి సమస్య నడుములో ఉండొచ్చు. వయసుతో వెన్నెముకలో నరాలు దిగే దారి ఇరుకవుతుంది. నిటారుగా ఉంటే ఆ ఇరుకు పెరిగి నరాలు నొక్కుకుంటాయి, వంగితే కాస్త ఊరట. నడవకుండా పొయ్యి దగ్గర నిలబడినా ఆవిడకు కాళ్లు లాగుతున్నాయా? కూర్చుంటేనో, ముందుకు వంగితేనో తప్ప తగ్గడం లేదా? అవునంటే నా అనుమానం బలపడుతుంది.

మామగారి పాదాల మీద నాడి కొట్టుకుంటోందో లేదో డాక్టరు చేత్తో చూడాలి. చెప్పులు విప్పించి పాదాలు చూడకుండానే షుగర్ రోగికి మందులు రాసి పంపడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే పూడిక ఉన్నట్టే. షుగర్ చాలాకాలంగా ఉంటే నాళాలు గట్టిపడి ఈ అంకె మామూలుగానో, ఎక్కువగానో కనిపించవచ్చు. అప్పుడు కాళ్లకు డాప్లర్ స్కాన్ చేయించాలి. కాలి నాళాలు పూడినవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఎక్కువ కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు.

చుట్ట పూర్తిగా మానాలి. తగ్గించడం చాలదు. కొలెస్టరాల్‌ను తగ్గించే మందు, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర డాక్టరు రాస్తారు. ఆశ్చర్యంగా అనిపించినా ఈ జబ్బుకు నడకే మంచి వైద్యం. డాక్టరు గుండెనూ పాదాలనూ పరీక్షించి సరేనన్నాక, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలల పాటు చేస్తే చాలామందికి నడవగలిగే దూరం పెరుగుతుంది. అలా ఫలితం లేనివారికి ఆంజియోప్లాస్టీ, బైపాస్ ఉన్నాయి. పాదాలకు వేడినీళ్ల కాపడం మాత్రం పెట్టకండి. షుగర్‌తో స్పర్శ తగ్గిన కాలు కాలినా తెలియదు.

అత్తగారిని ఎముకల డాక్టరుకు గానీ నరాల డాక్టరుకు గానీ చూపించండి. చాలామందికి ఫిజియోథెరపీతో ఉపశమనం దొరుకుతుంది. అవసరమైతే ఎంఆర్ఐ తీస్తారు. ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు.

మామగారికి పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పెట్టినా, పుండు మానకపోయినా, వేలు నల్లబడినా, కాలు హఠాత్తుగా చల్లబడి పాలిపోయినా, అత్తగారికి మూత్రం ఆగిపోయినా, తెలియకుండా మూత్రం పడిపోతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాళ్లు పట్టు తప్పినా తెల్లారేదాకా చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.