ఎడారి మండలమున జనవృద్ధియు నీటి కొఱతయు

1. స్థితి. రాజస్థానమున పశ్చిమభాగము థార్ ఎడారి. అందు జైసల్మేరు ప్రాంతమున ఏటి సగటు వర్షము సుమారు 200 మిల్లీమీటర్లు మాత్రమే. 1951 జనాభా లెక్కలలో ఆ రాష్ట్రప్రజలు సుమారు 1 కోటి 60 లక్షలు. 2011 నాటికి 6 కోట్ల 85 లక్షలు. జనము నాలుగింతలకు మించినది. వాన మాత్రము ఆ రీతిని పెరుగలేదు.

2. లెక్క. అచ్చటి గృహస్థులు వాననీటిని 'టాంకా' యను నేలతొట్టియందు నిలువచేయుదురు. 100 చదరపు మీటర్ల నేలపై 200 మిల్లీమీటర్ల వాన కురిసిన 20,000 లీటర్ల నీరగును. ఐదవవంతు నష్టమనుకొన్నను 16,000 లీటర్లు మిగులును. త్రాగుటకును వంటకును తలకు దినమునకు 8 లీటర్ల చొప్పున ఐదుగురికి అది 400 దినములు చాలును. ఆ యింటనే పదుగురైనచో 200 దినములే. తక్కిన 165 దినములు వారెచ్చటి నీరు త్రాగుదురను ప్రశ్నయే ఆరోగ్యాధికారి విచారింపవలసినది.

3. రోగము. అట్టివారు దిగుడుబావికి పోవుదురు. నారికురుపు గలవాడు మెట్లు దిగి నీట కాలిడగా, పురుగు తన పిల్లలను నీటిలో విడుచును. సైక్లాప్సు అను సూక్ష్మజీవులు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి సుమారు ఏడాదికి పురుగు వెలువడును. ఆంధ్రదేశమునను ఈ రోగముండెడిది. దీనికి టీకా లేదు, పురుగును చంపు మందును లేదు. అయినను దిగుడుబావులను చేదబావులుగా మార్చుట, చేతిపంపులు నెలకొల్పుట, నీటిని బట్టతో వడగట్టుట మొదలగు పనులచేతనే ఇది అణగినది. కడపటి రోగి 1996లో జోధ్‌పూరు జిల్లాలో కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశము ఈ రోగమునుండి విముక్తమైనదని ధ్రువపఱచెను.

లోతైన బోరునీటియందు వేఱొక కీడు గలదు. ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో దంతములును ఎముకలును చెడును. కాచుటవలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కనగును.

4. కర్తవ్యము. అధికారులు ఈ క్రింది పనులు చేయవలెను.
(అ) ప్రతిగ్రామమున జనసంఖ్య ప్రక్కనే వేసవిలో దొరకు నీటి పరిమాణమును వ్రాయించుట.
(ఆ) క్రొత్తబావి త్రవ్వించుటకు ముందు ఉన్నబావికి చుట్టుగోడ కట్టించుట.
(ఇ) బోరునీటిని పరీక్షింపక త్రాగుటకు విడువకుండుట.

జనము హెచ్చుట ఆపుట ఈ అధికారుల వశము కాదు. ఉన్న నీరు చెడకుండ కాచుట వారి వశమే.