గోధుమ పడని బిడ్డ ఉన్న ఇంట సంక్రాంతి వంట

కొన్నేళ్ళ క్రితం భావనపాడులోని ఒక ఇంటివారు సంక్రాంతికి వస్తున్న తమ మనుమరాలి విషయమై నా సలహా కోరారు. ఆ పాపకు గోధుమ పడదని పట్నంలో పరీక్షలు చేసి నిర్ధారించారు. "మన పండుగ వంటలన్నీ బియ్యప్పిండివే కదమ్మా, భయం లేదు" అని నేను ధైర్యం చెప్పి పంపాను. భోగినాటి రాత్రే పాపకు కడుపు ఉబ్బి విరేచనాలు పట్టుకున్నాయి. పండుగ మూడు రోజులూ మంచం మీదనే గడిచింది.

తరువాత ఆ వంటింట్లో కూర్చుని ఒక్కొక్కటే విచారించాను. పులిహోర పోపులోని ఇంగువ డబ్బా మీద గోధుమపిండి అని అచ్చయి ఉన్నది. అరిసెల పిండిని గోధుమలు ఆడే మరలోనే ఆడించారు. గారెలను ఉదయం పూరీలు వేయించిన నూనెలోనే వేశారు. తప్పు వండిన అమ్మమ్మది కాదు, సగం మాట చెప్పిన నాది. మిగిలిన సగం ఈ పాఠం.

వ్యాధి స్వభావం

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు ఉన్నది. సీలియాక్ వ్యాధి ఉన్నవారి శరీరం దానిని శత్రువుగా భావించి తన చిన్నప్రేగు లోపొరనే దెబ్బతీసుకుంటుంది. అందువలన తిన్నది ఒంటబట్టదు. పిల్లలలో ఎదుగుదల లోపం, రక్తహీనత, నీళ్ళ విరేచనాలు కనబడతాయి. గోధుమను మాన్పిస్తే ఇట్టి పిల్లలు కోలుకొంటారని నెదర్లాండ్స్ వైద్యుడు విల్లెం డికె 1950లో తన పరిశోధన గ్రంథంలో నిరూపించాడు. నేటికీ చికిత్స అదే, జీవితాంతమూ అదే. దీనిని పూర్తిగా మాన్పగల లేహ్యమో అరిష్టమో నా వద్ద లేదు. ఉన్నదని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఆయుర్వేదం గోధుమను బలకరమనీ, దేహపుష్టి కలిగించేదనీ మెచ్చుకున్నది. పడేవారు దానిని మానవలసిన పని లేదు. అయితే చరకుడు ఆహారాన్ని ఎనిమిది విషయాలతో విచారించమన్నాడు. వాటిలో కరణమంటే వండే తీరు, సంయోగమంటే మరొకదానితో కలయిక, ఉపయోక్త అంటే తినేవాడు. బియ్యం స్వభావం మంచిదే అయినా మరలో, నూనెలో, పోపులో గోధుమతో సంయోగం కలిగితే ఆ బిడ్డకు అది అపథ్యమే. నేను ద్రవ్యాన్ని మాత్రమే చూశాను, సంయోగాన్ని మరచాను.

వంటింటి జాగ్రత్తలు

ఇంగువ పొడి అయినా, ముద్ద అయినా, బజారులో దొరికే దానిలో తరచు గోధుమపిండో మైదాయో కలుపుతారు. డబ్బా మీది వివరం చదవండి. సందేహముంటే ఇంగువ మాని జీలకర్ర, వెల్లుల్లి, శొంఠితో పోపు పెట్టండి. పొట్లాల మీద "గ్లూటెన్ రహితం" అని వ్రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ఆహార నియమం.

తడిపిన బియ్యాన్ని రోటిలోనో, శుభ్రం చేసిన మిక్సీలోనో ఇంట్లోనే పిండి చేసుకోండి. శనగపిండి కూడా ఇంట్లో ఆడినదే మేలు. కొత్త నూనె, వేరు మూకుడు, వేరు జల్లెడ వాడండి. చపాతీ పీట మీద అరిసెలు వత్తకండి. బొంబాయి రవ్వ, సేమియా, మైదా పిండిని ఆ రోజులలో అలమరలో దాచివేయండి. మాల్టు పానీయాలలో బార్లీ ఉంటుందని మరువకండి.

పండుగ భోజనం

అరిసెలకు కిలో బియ్యాన్ని ఒక రోజంతా నానబెట్టి, నీళ్ళు వార్చి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. ముప్పావు కిలో బెల్లం ముదురు పాకం పట్టి, పిండి, నువ్వులు కలిపి నేతిలోనో నూనెలోనో వేయించాలి. మన ప్రాంతపు పొంగడాలూ బియ్యప్పిండి, బెల్లంతోనే అవుతాయి. బూరెల తోపు మినప్పప్పు, బియ్యంతోనే రుబ్బండి, అందులో మైదా కలపరాదు. కనుమనాటి మినపగారెలు, ఇంగువ లేని పులిహోర, సేమియాకు బదులు సగ్గుబియ్యం పాయసం చాలు. చేపలు తినేవారు పులుసు పెట్టుకోవచ్చు. వేపుడుకు రవ్వ అద్దక బియ్యప్పిండి అద్దండి. ఉదయం చోళ్ళ అంబలి అందరికీ హితం.

ప్రసాదం విషయంలో సంకోచం వద్దు. అన్నవరం ప్రసాదం, ఇంట్లో సత్యనారాయణ వ్రత ప్రసాదం గోధుమ నూకతోనే చేస్తారు. బిడ్డ దానిని కళ్ళకద్దుకుని పక్కవారికి ఇచ్చి, కొబ్బరిముక్కనో అరటిపండునో తీసుకుంటే భక్తికి లోటు రాదు.

ముఖ్యమైన హెచ్చరిక

ఈ లక్షణాలను మేము గ్రహణి క్రింద విచారిస్తాము. కాని ప్రతి గ్రహణీ సీలియాక్ కాదు. అనుమానం రాగానే గోధుమ మానవద్దు. ముందే మానితే రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు. మొదట పరీక్ష చేయించి, తరువాత పథ్యం పట్టండి.

మరుసటి సంక్రాంతికి అదే ఇంటివారు పాపకు విడిగా వండలేదు. బంధువులకూ అతిథులకూ కలిపి ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేశారు. గోధుమ లేదన్న సంగతి విస్తరి ముందు కూర్చున్నవారికి తెలియనే లేదు. పాప అందరితోపాటు ఒకే బంతిలో కూర్చుని రెండో అరిసె అడిగి తిన్నది. పథ్యం ఒక్కరికే పెడితే బిడ్డకు శిక్షగా తోస్తుంది. ఇల్లంతా కలిసి తింటే అది పండుగే.